ఆవిరత్త కౌంటరు

మా లాండ్రీలో అందరికన్నా ముందు వచ్చేది నేను. బాయిలర్ నాది. ఆవిరి పుట్టేదాకా అక్కడ ఇస్త్రీపెట్టెలైనా, మనుషులైనా చల్లగానే పడి ఉంటారు. నా తర్వాత వచ్చేది ఆవిరత్త. రాగానే గొట్టం మీద అరచేయి ఆనించి చటుక్కున తీసేసి, "ఏం నాయనా, నీ పొయ్యికింకా నిద్ర వదల్లేదా?" అంటుంది. నేను గోడ మీది గడియారం చూపిస్తాను.

"గడియారానికేం, గోడకి వేలాడుతుంది. బట్టలు వేలాడితే నా పరువు పోతుంది" అంటుంది.

రోజూ ఇదే మాట. ఈ మాట పడని రోజున వాల్వు సరిగ్గా తిరగదని నాకో నమ్మకం.

ఆవిడ అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. తాతల కాలంలో ఓడెక్కి దీవుల నుంచి వచ్చిన కుటుంబం. నల్లటి ఒళ్ళు, దువ్వెనకి లొంగని ఉంగరాల జుట్టు, ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు. మూడు తరాలుగా పుట్టిందీ, పెరిగిందీ ఇక్కడే. మాట్లాడేదీ మనందరి భాషే. అయినా కొత్తవాళ్ళు కౌంటరు దగ్గర ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "మీదేవూరండీ?" అని అడుగుతారు.

"వెనకవీధి" అంటుంది ఆవిరత్త.

"అది కాదండీ, అసలు ఊరు?"

"అసలుదీ వెనకవీధే. అద్దె కట్టేది అక్కడేగా."

లాండ్రీలో సగంమంది దీవులవాళ్ళు, సగంమంది నాలాంటివాళ్ళు. మధ్యాహ్నానికి ఆవిరిలో అందరం ఒకే రంగుకి వస్తాం, ఉడికిన రంగు.

ఆవిరత్త చదువుకున్నది తక్కువ. పని మాత్రం చూసి, చెడగొట్టి, మళ్ళీ చూసి నేర్చుకుంది. కాలరు అంచు పట్టుకుంటే చాలు, గంజి ఎంత పట్టాలో చెబుతుంది. ఎలా తెలిసిందని అడిగితే మాత్రం చెప్పలేదు. "చెప్పడం వస్తే నేను రేడియోలో ఉండేదాన్ని" అంటుంది. మాటలతో పని నడిపేవాళ్ళంటే ఆవిడకి పడదు. ఆవిడ నోరు మాత్రం పొద్దస్తమానం ఆడుతూనే ఉంటుంది, అది వేరే సంగతి.

ఆ లాండ్రీకి ఆవిడ పెట్టిన పద్ధతులు రెండు. ఈ కథంతా ఆ రెంటి మీదే నడుస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

మొదటిది, కస్టమరు చెమట గడప దాటకూడదు. ఎవరి బట్టలో ఏముందో, ఏ వాసనేస్తుందో నోరు విప్పకూడదు. "డాక్టరు దగ్గర జబ్బు, మన దగ్గర చెమట. బయటికి పొక్కితే ఇద్దరం దుకాణం కట్టేసుకోవాల్సిందే" అనేది. ఆ కస్టమరే అడిగినా చెప్పకూడదట. "మీ చొక్కా కంపు కొడుతోందండీ అంటే ఏ మనిషైనా మళ్ళీ వస్తాడా?"

రెండోది, కాల్చిన చెయ్యే చూపించాలి. ఎవరైనా బట్ట కాలిస్తే, కాల్చినవాళ్ళే కౌంటరు దగ్గర నిలబడి, కాలిన చోటు పైకి కనబడేలా పరిచి, బట్ట సొంతదారుకి చెప్పాలి. వేరేవాళ్ళు చెప్పకూడదు.

ఈ రెండో పద్ధతి రుచి బాగా తెలిసినవాడు మా ఇస్త్రీ పనివాడు పిల్లి మామ. అడుగుల చప్పుడు వినబడకుండా నడుస్తాడని ఆ పేరు. ఒకసారి బ్యాంకు మేనేజరు ప్యాంటుకి, సరిగ్గా కూర్చునే చోట, ఇస్త్రీపెట్టె ముద్ర దించేశాడు. దించి, కాలిన వైపు లోపలికి మడిచి, పిల్లిలాగే వెనక్కి తగ్గాడు. ఆవిరత్త ఆ మడత చూసింది. మా దగ్గర ప్యాంటుని అలా మడవరు.

"మామా, పెట్టె పాతదనీ, కరెంటు ఎక్కువొచ్చిందనీ చెప్పావో, నిన్ను రోలర్లో పెట్టి చదును చేస్తా. ఇక్కడ కాలింది, నేను కాల్చాను. ఈ రెండు ముక్కలూ చెప్పు. ఆ తర్వాత ఆయన తిడితే విను."

బ్యాంకు మేనేజరు ప్యాంటుని వెలుతురుకెత్తి, ఆ ముద్రలోంచి వీధిని చూశాడు. "నేనెక్కడ కూర్చోవాలో ముందే గుర్తు పెట్టారన్నమాట" అన్నాడు. నవ్వలేదు. ఇప్పటికీ బట్టలిచ్చేటప్పుడు, "పిల్లికి ఇవ్వకండి" అంటాడు. పిల్లి మామ ఆవిరత్త దగ్గర మొత్తుకున్నాడు. "ఒప్పుకున్నానుగా, ఇంకా సాధిస్తాడేంటి?"

"ఒప్పుకోవడం మన పని. క్షమించడం ఆయనిష్టం. ఆ పెట్టె మీద నువ్వు చెయ్యి వెయ్యకు, కాలుతుంది."

అత్తాకోడళ్ళు ఒకచోట పనిచేస్తే ఆ చోటికి అగ్గిపెట్టె అక్కర్లేదంటారు. ఆవిరత్త కోడలు కూడా మా లాండ్రీలోనే చేసేది. ఇద్దరూ పగలంతా దెప్పుకుంటారు, సాయంత్రం ఒకే గొడుగులో ఇంటికి పోతారు. కోడలి పని బట్టలు తేవడం, ఇవ్వడం. అందులో పెద్ద బేరం టీవీ స్టూడియో, పెద్ద బజారు చివర్లో ఆరో అంతస్తు. హ్యాంగర్లు తీసుకుని లిఫ్టులో ఎక్కి, మాసిన మూట తీసుకుని లిఫ్టులో దిగేది. ఆ లిఫ్టులో నిలువుటద్దం ఉంది. దాని ముందు జుట్టు సర్దుకుంటూ కూనిరాగం తీయడం ఆ అమ్మాయికి అలవాటు. "స్టూడియోకి వెళ్తోందా, సినిమాకి వెళ్తోందా?" అని అత్త దెప్పేది.

ఆ స్టూడియోలో గలగల ఉండేవాడు. జనం పెట్టిన పేరే అది. నోరు తెరిస్తే సంచిలోంచి గోళీలు జారినట్టు మాటలు. వారం వారం అతని కార్యక్రమం చూడని ఇల్లు లేదు. అతనికి ఒకేలాంటి నీలం కోట్లు రెండు ఉండేవి, నిండా మెరుపులు. వాటిలో ఒకటి వేసుకోకుండా తెర మీదికి రాడు. దీపాల వేడిలో గంటల తరబడి ఆ కోటులో గెంతి, దాన్ని మాకు పంపేవాడు. మెరుపుల కోటుని నీళ్ళలో ముంచలేం, నెమ్మదిగా ఆవిరి పట్టాలి. కోటొచ్చిన రోజు పిల్లి మామ ముక్కుకి గుడ్డ కట్టుకునేవాడు. మిగతావాళ్ళం గాలి బయటికి లాగే ఫ్యాను కిందికి జరిగేవాళ్ళం. ఎవ్వరం ఏమీ అనేవాళ్ళం కాదు. మొదటి పద్ధతి మరి.

ఒక వారం గలగల కార్యక్రమానికి ఒక నటి వచ్చింది. తను లిఫ్టులో ఇరుక్కుపోయిన సంగతి చెబుతోంది. గలగల ఊరుకోలేదు.

"లిఫ్టు ఆగినా ఫరవాలేదమ్మా, పక్కన దీవులవాళ్ళుండకూడదు! మా స్టూడియోకి బట్టలు తెచ్చే అమ్మాయి ఉంది. మొన్న ఒకే లిఫ్టులో దిగాం, నేల కనబడేసరికి పునర్జన్మ అనుకున్నా. ఆ పిల్ల ఎక్కితే ఇక నేను మెట్లే. ఆ జాతి వాసన ఏ సబ్బుకీ లొంగదు!"

జనం నవ్వారు. నటి కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

తెల్లారేసరికి ఆ ముక్క ఊళ్ళో ఉన్న ప్రతి ఫోనులోకీ చేరింది. మధ్యాహ్నానికి దీవులవాళ్ళు స్టూడియో ముందు బైఠాయించారు. సాయంత్రానికి సబ్బు కంపెనీ తన ప్రకటన వెనక్కి తీసుకుంది. సబ్బుకి జరిగిన అవమానానికా, జాతికి జరిగినదానికా అన్నది వాళ్ళు చెప్పలేదు. కార్యక్రమం ఆగిపోయింది.

మా లాండ్రీలో ఆగిపోయింది వేరే. కోడలి కూనిరాగం.

ఆ రోజు నుంచి ఆ అమ్మాయి లిఫ్టెక్కలేదు. హ్యాంగర్లు భుజాన వేసుకుని ఆరు అంతస్తులూ మెట్లమీదే. పొద్దునా సాయంత్రం తలంటుకునేది. పనిలో ఉండగా తల పక్కకి తిప్పి, ఎవరూ చూడట్లేదనుకుని, తన జబ్బ తనే వాసన చూసుకునేది. అది కంటబడినప్పుడు నేను బాయిలర్ వైపు తిరిగేవాణ్ణి. ఆవిరత్త తిరిగేది కాదు. చూస్తూ నిలబడేది, చేతిలో పెట్టె వేడెక్కిపోతున్నా సరే.

ఇక్కడో సంగతి ఉంది. లాండ్రీలో అందరికీ తెలుసు, బయట ఒక్కరికీ తెలియదు. ఆ రోజు లిఫ్టులో కోడలి చంకలో ఉన్న మూట గలగలదే. అప్పుడే విప్పిన నీలం కోటు. అంటే ఆయన ముక్కు మూసుకున్నది తన కోటుకే.

మైకులవాళ్ళు మా గుమ్మం ముందు చేరారు. కోడలు చేతులు తుడుచుకుని లేచింది.

"అత్తయ్యా, నేను వెళ్ళి ఆ మూట ఎవరిదో చెప్పొస్తా."

"చెప్పవు."

"ఎందుకు చెప్పను?"

"కస్టమరు చెమట గడప దాటదు."

"ఆయన చెమట గడప దాటదు, నా పరువు మాత్రం ఊరంతా తిరగొచ్చా?"

ఆవిరత్త పెట్టె అందుకుంది. చేతిలో ఉన్న దిండు గలీబుని ఇస్త్రీ చేసింది. మడిచింది. మడత విప్పి మళ్ళీ ఇస్త్రీ చేసింది.

"నేను చెప్పొచ్చా?" అన్నాడు పిల్లి మామ.

"నీ ప్యాంటు కథ చెప్పు, వింటారు" అంది ఆవిరత్త.

చివరికి ఆవిడే గుమ్మంలోకి వెళ్ళింది. "ఆయన బట్టలెలా ఉంటాయమ్మా?" అని అరడజను మైకులు అడిగాయి. "మేమిచ్చేటప్పుడా? చక్కగా మడతలో ఉంటాయి" అని తలుపేసేసింది. ఆ సాయంత్రం అత్తాకోడళ్ళు రెండు గొడుగుల్లో ఇంటికి వెళ్ళారు.

తర్వాత గలగల మేనేజరు వచ్చాడు. కళ్ళజోడు నెత్తిమీదే ఉంటుంది, కళ్ళమీద ఎప్పుడూ చూడలేదు. చేతిలో తెల్లచొక్కా.

"రేపు క్షమాపణ. ఈ చొక్కా ఉతకాలి, కానీ ఉతికినట్టు ఉండకూడదు. నలిగి ఉండాలి. రెండు రోజులుగా కంటిమీద కునుకు లేని మనిషి చొక్కాలా ఉండాలి."

"పాపం, నిద్రపోవట్లేదా ఆయన?"

"ఎందుకు పోరు, బాగానే పోతున్నారు. అందుకే చొక్కా కావాలి."

"బాబూ, మా దగ్గర నలిగిన బట్ట లోపలికొస్తుంది. బయటికి పోదు."

"అమ్మా, ఇది మామూలు చొక్కా కాదు, పశ్చాత్తాపం చొక్కా. అర్థం చేసుకోండి" అని కౌంటరు మీద పడేసి వెళ్ళిపోయాడు.

పిల్లి మామ ఆశగా చూశాడు. "నలపడమే కదా, నేను నలపనా? నాకు వచ్చిన పని ఇదొక్కటే."

"ఇస్త్రీ చేసి నలపడమంటే వండి పారబోయడం. ఇటివ్వు."

ఆవిడే చేసింది. గంజి దండిగా పెట్టింది. కాలరుకి రెండు వైపులా ఆవిరి పట్టి, నొక్కి, మళ్ళీ నొక్కింది. అయ్యాక ఆ చొక్కాని నిలబెడితే నిలబడింది. అందులో కసి పాలెంతో, పనిమీద ప్రేమ ఎంతో నేనడగలేదు. అడిగితే ఆవిడకీ తెలియదనుకుంటాను.

మర్నాడు లాండ్రీ అంతా పని ఆపి టీవీ ముందు చేరాం. గలగల తెర మీదికొచ్చాడు. పెళ్ళిచూపులకి వచ్చినట్టున్నాడు. చేతిలో కాగితం. "నా మాటల వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే... నాకూ దీవుల స్నేహితులున్నారు... హాస్యాన్ని హాస్యంగా తీసుకునే సంస్కారం మనది... తలవంచి క్షమాపణ కోరుతున్నాను."

అని తలవంచబోయాడు. వంగలేదు. కాలరు గడ్డం కింద అట్టముక్కలా అడ్డుపడింది. ఇంకాస్త బలంగా వంచబోతే నడుము వంగింది, తల మాత్రం కెమెరావైపే నిటారుగా ఉంది.

పిల్లి మామ బట్టల గుట్టమీద పడి దొర్లాడు. ఆవిరత్త అరచేత్తో నోరు మూసుకుంది. కోడలొక్కతే నవ్వలేదు.

"లిఫ్టు మాట రాలేదు. వాసన మాట రాలేదు. నా మాటే రాలేదు" అంది. "ఎవరికి చెప్పాడు అత్తయ్యా ఇదంతా?"

ఆ వంగని తల కూడా ఫోన్లన్నీ తిరిగింది. "పొగరుకి గంజి పెట్టినట్టుంది" అని ఎవరో రాస్తే ఊరంతా అదే అంది. మేనేజరు మళ్ళీ ఊడిపడ్డాడు.

"మీ గంజి మా కొంప ముంచింది!"

"ముందే చెప్పాను బాబూ."

"స్టూడియో బట్టలన్నీ వేరే లాండ్రీకి మార్చేయిస్తా, చూడండి!" అని ఎగిరి, ఎవరూ బెదరకపోయేసరికి గొంతు తగ్గించాడు. "ఒక్క దారుంది. క్షమాపణ ఇక్కడే పెడదాం. కెమెరాలొస్తాయి. మీ దీవుల ఆడవాళ్ళు చుట్టూ నిలబడతారు. సారు ఈ అమ్మాయి చెయ్యి పట్టుకుంటారు. అమ్మాయి నవ్వి, 'పోనీలే అన్నయ్యా' అంటే చాలు. ఒక్క ముక్క!"

"నటన నాకు రాదండీ" అంది కోడలు. "నిన్న చూశాం, మీ సారుకీ రాదు."

ఆవిరత్త కౌంటరు చెక్కని అరచేత్తో రాస్తూ నిలబడింది. మూలన, గలగల మాట విన్న రోజు కోడలు విసిరేసిన చోటే, నీలం కోటు మూట పడి ఉంది. కార్యక్రమం లేదు కాబట్టి తొందర చేసేవాళ్ళు లేరు, ముట్టుకునే ధైర్యమున్నవాళ్ళూ లేరు.

"రమ్మనండి" అంది. "కానీ మా పద్ధతి ప్రకారం జరగాలి. సారు కౌంటరుకి ఇటువైపు, మా వైపు నిలబడతారు. మా కోడలు అటువైపు, కస్టమరు వైపు. చేతులు పట్టుకోవడాలు లేవు. ఆ అమ్మాయి ఏమైనా అనొచ్చు, ఏమీ అనకపోవచ్చు. అన్న మాట నలుగురిలో అన్నారు కాబట్టి కెమెరా ఉండాల్సిందే."

మేనేజరు వెళ్ళాక కోడలు దగ్గరికొచ్చింది. "మళ్ళీ అదే కాగితం చదువుతాడు అత్తయ్యా."

"చదవనీ. నీలం కోటుకి ఆవిరి పట్టారా?"

"లేదు."

"పట్టొద్దు. కస్టమరు చెమట గడప దాటదు, నేను మాట తప్పను. కానీ తన మూట తనే విప్పుకుంటే మనమెవరం ఆపడానికి?"

కోడలు అత్త మొహంలోకి చూసింది. ఆ సాయంత్రం మళ్ళీ ఒకే గొడుగు.

గలగల వచ్చాడు. టీవీలో కన్నా పొట్టి మనిషి. ఈసారి చొక్కా ఎక్కడికక్కడ నలిపేసి ఉంది, సొంతంగా నలిపినట్టున్నాడు. ఆవిరత్త వేళ్ళు పెట్టె కోసం వెతికాయి, నేను చూశాను. అతన్ని కౌంటరు వెనక నిలబెట్టారు. ఎదురుగా కోడలు, చేతులు కట్టుకుని. కెమెరాలు తెరిచారు. అతను కాగితం తీశాడు.

"దీవుల సోదర సోదరీమణులారా..."

ఆవిరత్త వేలి కణుపుతో చెక్కమీద కొట్టింది. "బాబూ, ఇక్కడ సభ లేదు. ఎదురుగా ఉన్నది ఒక్క మనిషి. మేము బట్ట కాలిస్తే, ఆ బట్ట ఇక్కడ పరిచి, ఆ మనిషికి చెబుతాం."

"నా దగ్గర బట్ట లేదు కదమ్మా."

"ఉంది. మీదే." మూట తెచ్చి అతని ముందు పెట్టింది. "శుభ్రం చెయ్యకుండా తిరిగిస్తున్నాం. విప్పి, సరిచూసుకుని తీసుకోండి."

అతను ముడి విప్పాడు.

ఇన్నాళ్ళు గాలాడకుండా ముడిలో మాగిన కోటు అది. పాత సత్రంలో మూసేసిన గది తలుపు తీసినట్టయింది. కెమెరా అతను ఒకడుగు వెనక్కి వేశాడు. పిల్లి మామ అలవాటుగా గుడ్డ వెతుక్కున్నాడు. మేనేజరు నెత్తిమీది కళ్ళజోడు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు, దాని వల్ల ఏం లాభమో మరి. కానీ కెమెరాలో పడింది తళతళలాడే నీలం కోటు మాత్రమే. ఇళ్ళల్లో కూర్చుని చూస్తున్నవాళ్ళకి వాసన రాదు. అతను చెబితే తెలుస్తుంది. చెప్పకపోతే లేదు.

"ఇది ఎప్పటిది?" అన్నాడు గలగల, నెమ్మదిగా.

కస్టమరు అడిగినా చెప్పకూడదన్నది మా పద్ధతి. కానీ ఆ రోజు కోడలు నిలబడింది మా వైపు కాదు.

"మీరు నాతో లిఫ్టెక్కిన రోజుది. నా చేతిలో ఉన్నదదే."

ఆవిరి బుసలు కొడుతోంది. నేను చేయగలిగింది ఒక్కటే. వాల్వు కట్టేశాను.

"కోటు పక్కన పెట్టండి సార్, కాగితం చదవండి" అని మేనేజరు గుసగుసలాడాడు.

గోళీల సంచి ఖాళీ అయింది. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆ కోటు జేబులోనే దోపి, కోటుని రెండు చేతులా ఎత్తాడు.

"ఆ రోజు లిఫ్టులో వాసనొచ్చింది. ఇదిగో, ఇదే. ఇది నా కోటు. నా చెమట. ఈ అమ్మాయి దీన్ని నాకోసం మోస్తోంది. నేను తన ఒంటి రంగు చూసి, తనదే అనుకున్నాను. జనం నవ్వుతారని ఆ జాతి మొత్తానికీ అంటగట్టాను."

మాదగ్గర అందరి ఊపిరీ ఒక్కసారి బయటికొచ్చింది. లోపలికి పీల్చడానికి మాత్రం తొందరపడలేదు. అయిపోయిందనుకున్నాం. కోడలు చేతులు విప్పి చెక్కమీద ఆనించింది.

"వాసన నాదే అయ్యుంటే?"

"ఏంటమ్మా?"

"ఈ కోటు మీది కాబట్టి తప్పన్నారు. పొద్దున్నుంచీ మూటలు మోస్తాను, నాకూ చెమట పడుతుంది. ఆ రోజు వాసన నాదే అయ్యుంటే, మీరన్న మాట సరైనదేనా?"

ఇది ఆవిరత్త అనుకున్నది కాదు. ఆవిడ మొహం చూస్తే తెలిసింది. కోడలి వైపు, మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. గలగల కోటుని కిందికి దించాడు. తల వంగింది. కాలరు అడ్డం రాలేదు.

"కాదమ్మా. అప్పుడైనా కాదు. చెమట మనిషిది. జాతిది కాదు. నేను కాల్చాను. నేనే." ఆగి, "క్షమిస్తావా చెల్లీ?" అన్నాడు.

టక్, అని కణుపు దెబ్బ. "ఆ ప్రశ్న ఈ కౌంటర్లో ఉండదు బాబూ" అంది ఆవిరత్త.

"చూస్తాను" అంది కోడలు. "అన్ని బట్టలూ ఒక్క ఎండకే ఆరవు. కోటిటివ్వండి. ఆవిరి పట్టాలి."

ఆ తర్వాత ఊరు ఊరిలాగే ఉంది. ఇంత సులువుగా వదిలేస్తారా అని దీవులవాళ్ళలో కొందరన్నారు. ఒక నవ్వులాట మాటకి ఇంత రాద్ధాంతమా అని ఇటువైపు కొందరన్నారు. "అంతా నా ప్యాంటు చలవ" అని పిల్లి మామ కనబడ్డవాళ్ళకల్లా చెప్పుకున్నాడు. స్టూడియో బట్టలు మా దగ్గరే ఉన్నాయి. "గంజి మాత్రం కాస్త చూసి" అని మేనేజరు కబురు పెట్టాడు. కొన్నాళ్ళకి కార్యక్రమం మళ్ళీ మొదలైంది, సబ్బు లేకుండా.

కోడలు మాత్రం అప్పటిదాకా మెట్లే ఎక్కింది. ఆవిరత్త ఏమీ అనేది కాదు. "మోకాళ్ళకి నూనె రాసుకో" అనేది, అంతే.

కార్యక్రమం మళ్ళీ మొదలైన రోజున బరువైన తెరలు కూడా ఇవ్వాల్సి వచ్చి, కోడలితో నేనూ వెళ్ళాను. కింద మెట్ల దగ్గరికి నడిచి, అలవాటుగా ఒక కాలు మొదటి మెట్టు మీద వేసింది. ఆగింది. వెనక్కి తిరిగి, లిఫ్టు బొత్తాం నొక్కింది. తలుపు తెరుచుకుంది. ఇద్దరం ఎక్కాం, తెరలు మూలన పెట్టాం. ఇంకో ముగ్గురికి చోటుంది.

"ఆగండాగండి!" అంటూ గలగల పరిగెత్తుకొచ్చాడు. గుమ్మం దగ్గర కోడల్ని చూసి నిలబడిపోయాడు. లోపలికి రావాలో, వద్దో తెలియని మొహం.

కోడలు ఖాళీగా ఉన్న చోటుని నింపాదిగా చూసింది. తర్వాత అతన్ని చూసింది.

"నిండిపోయిందండీ. మెట్లున్నాయిగా, నేనెక్కితే మీరు మెట్లే అన్నారు."

తలుపు మూసుకుంది. కోడలు అద్దం వైపు తిరిగి, చెవి పక్కన జుట్టు ఉంగరం ఒకటి సర్దుకుంది. మూడో అంతస్తు దాటుతుండగా కూనిరాగం మొదలైంది. నేను తెరల అంచు లెక్క పెడుతున్నట్టు నటించాను, కళ్ళల్లో ఏదో పడింది. ఆవిరి లేని చోట ఆవిరి అనలేను కదా.

ఆరో అంతస్తులో దిగి, తెరలు అప్పజెప్పాక కూడా కోడలు కదల్లేదు. మెట్ల దగ్గర నిలబడింది. కాసేపటికి గలగల వచ్చాడు, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఒక్కో కొండలా. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ముందు ఏం వచ్చిందో, వెనక ఎవరు వచ్చారో నేను చెప్పను, నేనూ ఆ లాండ్రీవాణ్ణే.

కోడలు హ్యాంగరు నుంచి ఉతికిన చొక్కా ఒకటి తీసి చేతికిచ్చింది. మడత కత్తిలా ఉంది, గంజి మాత్రం తక్కువ.

"మార్చుకోండి. మిమ్మల్ని పిలుస్తున్నారు."

అతను చొక్కా తీసుకుని, తన చేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఏం చెల్లీ, వాసనొస్తోందా?"

"చెప్పొద్దంది మా అత్తయ్య" అంది కోడలు, లిఫ్టు బొత్తాం నొక్కుతూ.